పురుగులకు తోడు పెట్టే కొలువు

ఈ మధ్య గండిపేట వైపు కొత్త అపార్టుమెంట్ల నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. చేపలు గుడ్లు పెట్టాయని సంబరపడుతూ ఒకరు చేస్తారు, మూడో రోజుకు పిల్లలన్నీ చచ్చాయని ఏడుస్తూ ఇంకొకరు చేస్తారు. మొన్న ఒక అమ్మాయి పొద్దున ఆరింటికే చేసింది.

"మేడమ్, మీరిచ్చిన పురుగుల డబ్బా తెరిస్తే స్మెల్ వస్తున్నది. నార్మలేనా?"

"ఎట్లాంటి వాసన బిడ్డా?"

"మా హస్బెండ్ జిమ్ సాక్సుల లెక్క."

"అయితే పురుగులు మంచిగున్నయ్. ఫికర్ చేయాల్సింది సాక్సుల గురించి" అని చెప్పి పెట్టేశాను.

ఒక్కొక్కరికీ ఇట్లా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఈ పనిలోకి రావాలనుకునే పిల్లల కోసం, నాకు తెలిసిందంతా ఒకేసారి రాసి పడేస్తున్నాను. చదివాక కూడా ఆరింటికి ఫోన్ చేస్తే నాది పూచీ కాదు.

నా పేరు సుగుణ. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద రంగుచేపల పిల్లల్ని పుట్టించి అమ్మే ఒక హేచరీలో నా వయసంతా గడిచింది. పోయినేడాది మోకాళ్లు మొండికేస్తే మానేశాను. కాగితాల మీద నా హోదా సూపర్వైజర్. ఊళ్లో మాత్రం పురుగులక్క. చర్చిలో నేను సాక్ష్యం చెప్పడానికి లేచినా వెనక బెంచీల్లో "పురుగులక్క లేచింది" అని గుసగుసలాడుకుంటారు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా సుగుణమ్మగారూ అంటే నేనే వెనక్కి తిరిగి చూస్తాను.

అసలు పని ఏమిటంటే

చేపల హేచరీ అంటే చేపలతో పని అనుకుంటారు. కాదు. చేపలు తమ పని తాము చూసుకుంటాయి. ఒక ఫైటర్ చేపల జంటను టబ్బులో వదిలితే మగది నురగతో గూడు కడుతుంది, ఆడది గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. కష్టమంతా పిల్లలు ఈదడం మొదలుపెట్టాకే. అప్పుడు అవి కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి. నోరు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. దానికి తోడు పొగరు. కదలనిది తినవు. ఎంత ఖరీదైన పొడి వేసినా పక్క నుంచి ఈదుకుంటూ పోయి ఆకలితో చస్తాయి కానీ ముట్టవు.

కాబట్టి వాటి నోట్లో పట్టేంత చిన్నవి, కదిలేవి పెంచాలి. అవే నా పురుగులు. సన్నగా, తెల్లగా, దారపు పోగును ముక్కలు ముక్కలుగా కత్తిరించినట్టుంటాయి. పుస్తకాల్లో ఓట్స్ మీద పెంచమని ఉంటుంది. నేను ఓట్స్ జోలికి పోలేదు. జొన్నపిండితో చిక్కగా అంబలి కాచి, చల్లార్చి, చిటికెడు ఈస్ట్ చల్లి, పాత డబ్బాలోంచి ఒక చెంచా తోడు వేస్తే చాలు. అవును, మేము దాన్ని తోడు అనే అంటాం. పెరుగుకు వేసినట్టే వేస్తాం, పెరుగులాగే పులుస్తుంది. మూతకు చిల్లులు పెట్టి, ఈగలు దూరకుండా పల్చటి గుడ్డ కట్టాలి. నాలుగైదు రోజులకు పురుగులు డబ్బా గోడలెక్కుతాయి. వేలితో గోడ తుడిచి, ఆ వేలు చేపపిల్లల నీళ్లలో ముంచాలి. అంతే.

నా ఉద్యోగం మొత్తం ఆ వేలే. ఇది విని ముఖం చిట్లించుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోయి బ్యాంకు పరీక్షలు రాసుకోండి.

ఉస్తాద్ ముక్కు

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. పట్నంలో అక్వేరియం దుకాణం నడిపి, నష్టపోయి, మా హేచరీకి వచ్చి చేరిన పెద్దాయన. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. రోజూ పొద్దున చాయ్ తాగకముందే నాతో డబ్బాలన్నీ వాసన చూపించేవాడు. చాయ్ తాగితే ముక్కు మొద్దుబారుతుందట.

"గిది ఎట్లున్నది?"

"కంపున్నది ఉస్తాద్."

"కంపు అందరికి తెలుస్తది. ఏం కంపు? పెరుగు పులుపు వేరు, సచ్చిన పులుపు వేరు. జర దగ్గరికి పెట్టి సూడు."

ఒకసారి జ్వరమొచ్చిందంటే సెలవు ఇవ్వలేదు. ఇంకోసారి జలుబు చేసిందంటే వెంటనే ఇంటికి పంపేశాడు. "ముక్కు లేనోళ్లతోని నాకేం పని?" అన్నాడు. నేను చూసిన పెద్దల్లో పని తెలిసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లకు రిజిస్టర్లు తెలుసు.

కొలువు మానేసి పోతూ పోతూ ఆయన నాకు ఒక్క మాట చెప్పాడు. "తోడు నీ దగ్గరనే పెట్టుకోకు. నలుగురికి పంచు." నేను తలూపాను, పంచలేదు. కష్టపడి నేర్చుకున్నది ఊరందరికీ ఎందుకు పంచాలి? పురుగులక్క అని పిలిపించుకుంటున్నది నేను, పురుగులు మాత్రం అందరివా? అంత గీర నాది. ఒకేఒక్కరికి ఇచ్చాను, అదీ పీడ వదిలించుకోవడానికి.

ఆమె చిల్కూరు సత్తెవ్వ. మా అమ్మకు స్నేహితురాలు. మొయినాబాద్ సంతకు వచ్చి, నన్ను చూసిపోదామని మా హేచరీ షెడ్డుకు వచ్చింది. డబ్బా చూసింది.

"ఏందే గది, పులిసినట్టున్నది? నాకింత తోడెయ్యి."

"ఎందుకవ్వా? నీకు చేపలున్నయా?"

"లెవ్వు."

"మరి?"

"ఇంట్ల తోడుంటే మంచిదే గదనే."

ఎవరింట్లో ఏది పులిసినా సత్తెవ్వకు కావాలి. వాదిస్తే సాయంత్రమవుతుందని ఒక చెంచా చిన్న గిన్నెలో వేసిచ్చాను. ఇంటికి వెళ్లాక పారేస్తుందనుకున్నాను.

మా పటేలు

హేచరీ యజమాని మాజీ సర్పంచ్. అందరూ పటేలా అనే పిలుస్తారు. మంచివాడే కానీ చేపల గురించి ఆయనకు తెలిసింది పులుసు వరకే. ఎవరో పెళ్లిలో రంగుచేపలకు గిరాకీ బాగుందని చెబితే, కోళ్ల షెడ్డును కాస్తా చేపల షెడ్డు చేసి కూర్చున్నాడు. రోజూ టబ్బుల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, "బర్లకు లేని నఖరాలు వీటికేంది? ఇంత తవుడేస్తే తినయా?" అనేవాడు.

ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకంటే ఉస్తాద్ వెళ్లిపోయాక వరుసగా రెండు సార్లు ఫైటర్ పిల్లల్ని చంపింది నేనే. మొదటిసారి పురుగులు తక్కువగా ఉన్నాయని ఉడకబెట్టిన గుడ్డు సొన నలిపి వేశాను. ఒక్కటీ తినలేదు, నీళ్లు కుళ్లాయి, పిల్లలు పోయాయి. రెండోసారి ఆ పాపం కడుక్కుందామని పురుగులు గుమ్మరించాను. తిన్నన్ని తిన్నాయి, మిగతా పురుగులు అడుగున చచ్చి మళ్లీ నీళ్లు కుళ్లాయి. ప్రేమ ఎక్కువైనా చావే. వేలికి అంటినంత చాలు, గుప్పెడు వద్దు.

రెండోసారి పటేలు అరవలేదు. దానికే భయమేసింది.

"సుగుణమ్మా, ఇగ ఒక్కసారి సూస్త. ఈసారి పిల్లలు సుత సస్తే షెడ్డు కూలగొట్టి ఫంక్షన్ హాల్ కడత. ఒకాయన రోజు ఫోన్ చేస్తుండు. జాగ ఇస్తే చాలు, అంత ఆయనే కడతడంట."

నాకు వేరే పని రాదు. ఇంకో చోట ఎవరు పెట్టుకుంటారు, పురుగులు పెంచుతానంటే? పైగా నాకు ఆ షెడ్డు అంటే ప్రాణం. ఇంట్లో, బయట, చర్చిలో నేను చెప్పింది ఎవరూ వినరు. అక్కడ మాత్రం వేలు నీళ్లలో పెట్టగానే వందల పిల్లలు నా వైపు వచ్చేవి.

ఎండకు ఉడికింది

మూడోసారి జంట కలిసింది నడి ఎండాకాలంలో. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసేశాం, లేకపోతే గుడ్లు తింటుంది. గుడ్లు పగిలిన మూడో రోజు, పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే మగదాన్ని తీసేశాం, లేకపోతే అది పిల్లల్ని తింటుంది. కుటుంబ జీవితం అట్లాంటిది వాటిది. కడుపులో సొన ఉన్నన్నాళ్లు పిల్లలకు మేత అక్కర్లేదు, ఆ పూటతో అది అయిపోయింది. దాదాపు మూడు వందల పిల్లలు. ఇక మేత వేయాల్సిందే.

డబ్బాలు తీశాను. అన్నాళ్లూ పదీ ఒకే అల్మారాలో, రేకుల కప్పు కింద పెట్టి ఉంచాను. మూత తీయకముందే ముక్కుకు తెలిసిపోయింది. అది పెరుగు పులుపు కాదు. పది డబ్బాల్లోనూ పురుగులు ఉడికిపోయి, అంబలి నల్లబడి నీళ్లు తేలింది. అప్పటికి సాయంత్రం నాలుగైంది. మర్నాటిదాకా పస్తుంటే పిల్లల్లో సగం మిగలవు, ఎల్లుండికి ఒక్కటీ మిగలదు.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. నాలుగు తిట్లు తిడతాడనుకున్నాను. తిట్టకుండా ఒక్కటే అడిగాడు.

"ఎవరికన్న ఇచ్చినవా?"

అప్పుడు గుర్తొచ్చింది సత్తెవ్వ.

ఉన్నదున్నట్టు పటేలుకు చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "మూడు వందల పానాలు ఒక ముసలవ్వ చేతిల పెట్టినవా?" అన్నాడు. కానీ కారు తీశాడు. చిల్కూరు దగ్గర గుడికి వచ్చిన జనంతో రోడ్డంతా కిటకిటలాడుతోంది. అడుగు అడుగుకూ ఆగుతూ పోయేసరికి పొద్దూకింది.

సత్తెవ్వ గడప

"అవ్వా, పురుగులున్నయా?"

"ఉండకేం పోతయ్? కడుపునిండ తింటున్నయ్."

తీసుకెళ్లి చూపించింది. మంచినీళ్ల కుండ పక్కన, తడి ఇసుకలో ఒక చిన్న మట్టి ముంత. గుడ్డ తీస్తే లోపలి గోడంతా మిలమిలా కదులుతోంది. చేప అనేది లేని ఇంట్లో, దేనికో తెలియకుండా, ఎనిమిది నెలలు అంబలి పోసి పురుగుల్ని సాకింది ఆ మహాతల్లి. ఎండాకాలం పెరుగు పాడవకుండా పెట్టినట్టే తడి ఇసుకలో పెట్టింది. పిల్లలూ, ఇది రాసుకోండి. ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

నేను ముంత మీద చెయ్యి వేశాను. సత్తెవ్వ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"దీపం పెట్టిన. దీపం పెట్టినంక తోడు ఇంట్లకెళ్లి బయటికి పోదు. పొద్దుగాల రా."

"అవ్వా, గది పెరుగు కాదే! పురుగులు!"

"తెల్లగున్నయా లెవ్వా? పులిసినయా లెవ్వా? తోడు తోడే. దీపాల యాళ్లకు ఇస్తే ఇంట్లకెళ్లి లచ్చిమి పోతది."

"మేం చర్చికి పోయేటోళ్లం అవ్వా. మాకు గిసొంటి పట్టింపులు లెవ్వు."

"నీకు లెవ్వు. నా ఇంటికున్నయ్. పురుగులు నా ఇంట్ల ఉన్నయా, నీ చర్చిల ఉన్నయా?"

మీరైనా చెప్పండి అన్నట్టు పటేలు వైపు చూశాను. ఊళ్లో పొలం గట్ల పంచాయతీలన్నీ తెంపినవాడు కదా. ఆయన అప్పటికే చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వ చెప్పేది కరెక్టే సుగుణమ్మా. మా అమ్మ సుత ఇయ్యకపోతుండె."

ఆ క్షణంలో ముంత తీసి ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది. నాకు ఏడుపొచ్చేసింది. "పొద్దుగాలకు సగం సస్తయ్ అవ్వా, నా కొలువు పోతది" అని గడప మీద కూలబడ్డాను. సత్తెవ్వకూ కళ్లు తడయ్యాయి. అయినా ముంత మీది చెయ్యి తీయలేదు.

పటేలు మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు.

"అవ్వా, తోడు బయటికి పోవద్దు. మంచిదే. బయటోళ్లు లోపలికి రావచ్చునా?"

"ఎవరు?"

"చేపలు."

"వస్తే వద్దంటనా పటేలా? ఇంటికొచ్చినోళ్లను ఉపాసం పండవెడతనా?"

ఆయన సర్పంచ్‌గా ఏం చేశాడో నాకు తెలియదు. ఈ ఒక్క తీర్పుకు మాత్రం దండం పెడతాను.

టబ్బు ప్రయాణం

మళ్లీ షెడ్డుకు వచ్చాం. నీళ్లు కొంచెం తగ్గించి టబ్బును కారు వెనక సీట్లో నా ఒళ్లో పెట్టుకున్నాను. పటేలు బండి నడిపిన తీరు ఎవరైనా చూసి ఉంటే ఎవరో నిండు గర్భిణిని దవాఖానకు తీసుకెళ్తున్నారనుకునేవారు. వెనక హారన్లు. ఒక బైకు కుర్రాడు కిటికీలోకి తొంగి చూసి తిట్టబోయి, టబ్బును కౌగిలించుకుని కూర్చున్న నన్ను చూసి గమ్మున వెళ్లిపోయాడు.

అంతా బాగానే ఉందనుకుంటుంటే ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. గోడంత ఎత్తు. బండి లేచింది, నీళ్లు లేచాయి, సగం నా చీర మీద పడ్డాయి.

"ఏ గాడిద కొడుకు ఏసిండు గీ స్పీడ్ బ్రేకర్?" అని అరిచాడు పటేలు.

"మీరే ఏసిన్రు పటేలా. మీ ఇంటి ముంగట."

నేను చీర కొంగును టబ్బులోకి పిండి, ఫోన్ వెలుతురులో కుచ్చెళ్లు ఒక్కొక్కటి విప్పి వెతికితే నాలుగు పిల్లలు దొరికాయి. ఎన్నో ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఈ పనికి నూలు చీర మంచిది. సింథటిక్ చీర మీద నుంచి చేప జారిపోతుంది.

సత్తెవ్వ గడప మీద నీళ్లు చల్లి, చుట్టాలకు పరిచినట్టు చాప పరిచి ఉంచింది. టబ్బు దాని మీద పెట్టాం. ముంత గోడ వేలితో తుడిచాను. నీళ్లలో ముంచాను. తెల్లటి పొగలా పురుగులు కిందికి దిగాయి. చేపపిల్లలు కదల్లేదు. అప్పుడు ఒక పిల్ల వంగి చూసింది. మెడ లేదు కానీ వంగినట్టే ఉంది. చటుక్కున అందుకుంది. దాని పక్కది, ఆ పక్కది, ఇక అన్నీ.

పటేలు తెల్ల లాల్చీతో నేల మీద బోర్లా పడుకుని ఫోన్ టార్చి వేసి చూస్తున్నాడు.

"తింటున్నయ్! సుగుణమ్మా, తింటున్నయే! కడుపులు తెల్లగయితున్నయ్, సూడు! గీ బక్కదాన్ని సూడు, ఎట్ల గుంజుతున్నదో!"

అన్నేళ్లలో ఆయన ఒక చేపను నిజంగా చూడటం అదే మొదటిసారి.

చుట్టాలింట్లో

మర్నాడు పొద్దున్నే తోడు తీసుకుందామని వెళ్తే శుక్రవారం అని ఇవ్వలేదు. శనివారం అయితే, "శనారం ఇచ్చుడు మా ఇంట్ల లేదు" అంది. ఆ పట్టింపు అప్పటికప్పుడు పుట్టిందని నా గట్టి అనుమానం. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి చాప చుట్టూ వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. సత్తెవ్వ ఎవరినీ వేలు పెట్టనివ్వకుండా తానే మేత వేస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ పిల్లలు ఇప్పట్లో మొయినాబాద్ రావు. పైగా అంత చిన్నవాటిని మళ్లీ ఆ స్పీడ్ బ్రేకర్ మీదుగా తేవడం మాకూ ఇష్టం లేదు.

పటేలు రోజూ వచ్చేవాడు. లాల్చీ పాడవుతోందని లుంగీ తెచ్చుకున్నాడు. వచ్చిన వెంటనే లుంగీ కట్టుకుని చాప పక్కన బోర్లా పడుకునేవాడు. చాయ్ కూడా అట్లా పడుకునే తాగేవాడు.

నాకు మాత్రం లోపల పీకుతూనే ఉంది. పిల్లలు బతుకుతున్నాయి, సరే. షెడ్డు సంగతి ఆయన ఒక్క మాట ఎత్తలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

బుధవారం ఆయన అట్లా పడుకుని ఉండగానే ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని నన్ను స్పీకర్ పెట్టమన్నాడు. ఫంక్షన్ హాల్ ఆయన గొంతు.

"పటేల్ సాబ్, మొన్న మీ దిక్కు వచ్చిన. షెడ్డు ఖాళీగున్నది. ఇగ పని మొదలువెడదామా?"

సత్తెవ్వ ముంత పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఖాళీ ఏడున్నదన్నా?" అన్నాడు పటేలు, కళ్లు టబ్బు మీది నుంచి తీయకుండా. "అండ్ల ఉండేటోళ్లు సుట్టాలింటికి పోయిన్రు. వారం పది దినాలల్ల వస్తరు."

"ఎవరుంటున్నరు అండ్ల?"

"చిన్నపిల్లలు. మూడు వందల మంది."

"మూడు వందల మంది పిల్లలా? మరి వాళ్ల తల్లిదండ్రులు?"

"తల్లిని మొదలే తీసేసినం. తండ్రిని మూడో దినం తీసేసినం. ఉంచితే పిల్లలను తింటడు."

అవతల ఫోన్ టక్కున కట్టయింది. ఆయన మళ్లీ ఎప్పుడూ చేయలేదు. మేము పలకరిద్దామని చేసినా ఎత్తలేదు.

"గిదేంది, గట్ల పెట్టేసిండు?" అన్నాడు పటేలు అయోమయంగా. అని, మళ్లీ టార్చి వెలిగించాడు. "సుగుణమ్మా, ఇంకో వేలు పెట్టు. ఆ మూలకున్నోళ్లకు అందలే."

నేను వేలు పెట్టలేకపోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను, అందులోనే నవ్వు కూడా వస్తోంది. సత్తెవ్వ నన్ను పక్కకు జరిపి, ముంత గోడ తుడిచి, ఆ మూలకున్నవాళ్లకు తానే పెట్టింది.